నాలుగు బస్తాలు, మూడో గేరు

ఇన్సూరెన్స్ కుర్రాడు ఫోన్లో అడిగాడు:
వృత్తి?
చేపలు వేయిస్తాను.
వయసు?
యాభై మూడు.
కారు దేనికి వాడతారు?
బంగాళాదుంపలకి, అన్నాను.
అటువైపు కాసేపు కీబోర్డు చప్పుడు ఆగింది.

వాడి తప్పేం లేదు.
ఎర్రరంగు, వెనక రెక్క, రెండు పొగగొట్టాలు,
బొమ్మకారుకి కోపమొచ్చినట్టుండే ఈ బండి
ఏ పంతొమ్మిదేళ్ల పిల్లాడి పేరు మీదో ఉండాలి.
ఉండేది కూడా.
వాడికి కవలలు పుట్టారు, బేరం తెగింది.
సీటు కింద వాడు కట్టని పార్కింగ్ జరిమానా
ఇప్పటికీ ఉంది. తీయలేదు.

తెల్లవారుజాము నాలుగున్నర.
ట్రియోర్కీలో వీధిదీపాలన్నీ తడిసి ఉంటాయి.
ఎదురింటి గ్వెన్లియన్ అప్పుడే రాత్రి డ్యూటీ నుంచి వచ్చి పడుకుంటుంది,
అందుకని మా వీధి దాటేదాకా పిల్లినడక.
స్పీడ్ బ్రేకర్లు ఏడు.
ఏడూ నా వెన్నుపూసకి పేరుపేరునా తెలుసు.
ఈ బండి స్ప్రింగులు అబద్ధమాడవు:
రోడ్డు మీద నాణెం పడి ఉంటే
బొమ్మో బొరుసో చెప్పేస్తాయి.

గొర్రెలు దాటకుండా పరిచిన ఇనపకమ్మీలు
టైర్ల కింద గడగడమంటాయి.
అక్కణ్ణుంచి కొండ.
మూడో గేరు.

ఇది ఎలా చెప్పాలో నాకు తెలీదు.
ముల్లు మూడువేలు దాటగానే
లోపలెవరో బిగబట్టిన ఊపిరి వదులుతారు.
వీపు సీటుకి అతుక్కుంటుంది.
మలుపే నా దగ్గరికొస్తుంది,
నేను చెయ్యి చాపి అందుకుంటానంతే.
కొండ కొసదాకా నాలుగు మైళ్లు.
ఆ నాలుగు మైళ్లలో
ఎవరికీ ఏమీ వేయించి పెట్టక్కర్లేదు.

పోయేటప్పుడు సంగతి అది. వచ్చేటప్పుడు వేరు.
బ్రిజెండ్ గోదాములో వెనక సీట్లు పడుకోబెట్టి
నాలుగు బస్తాలు ఎక్కిస్తాడు ఇద్రిస్, ఒక్కోటీ పాతిక కిలోలు.
"పందెపు గుర్రానికి గాడిదమోత" అంటాడు.
రోజూ అదే మాట, రోజూ కొత్తగా నవ్వుకుంటాడు.
బరువుకి మూతి పైకెత్తి
ఆకాశం చూసుకుంటూ కదుల్తుంది బండి.
మలుపు మలుపుకీ దుంపలు లోలోపల సర్దుకుంటాయి,
బస్సులో ఇంకొకరికి చోటిచ్చే ఆడవాళ్లలా.

మార్చిలో ఒకరోజు, పొగమంచులో,
మలుపు తిరిగానో లేదో గొర్రెపిల్ల.
పుట్టి ఎన్నో గంటలు కాలేదు, బొడ్డింకా ఎండలేదు.
బ్రేకులు పట్టాయి.
వంద కిలోలూ వచ్చి నా సీటును గుద్దాయి.
ఒక బస్తాకి కుట్టు తెగి
భుజాల మీదుగా, గేరు మీదుగా, ఒళ్లోకి దుంపలు.
ఇంజన్ ఆగిపోయింది.
ఎర్రమూతికీ తెల్లమూతికీ మధ్య జానెడు.
అది బండిని వాసన చూసింది.
పాత వేపుడు నూనె కంపు నచ్చలేదేమో, తుమ్మింది.
తల్లి వచ్చి తీసుకుపోయేదాకా
ఒడి నిండా దుంపలతో అలాగే కూర్చున్నాను.
ఎందుకో నవ్వొచ్చింది. ఆపుకోలేనంత.
మోకాళ్లు మాత్రం ఇంటికొచ్చాక కూడా వణికాయి.

"వెనక స్ప్రింగులు వాలిపోయాయి నెరిస్,
వ్యాన్ కొనుక్కోరాదూ.
ఇది ఈ పనికి పుట్టలేదు" అన్నాడు మెకానిక్ ఇద్వాల్.
నేను మాత్రం పుట్టానా, అన్నాను.
కొత్తవి వేశాడు.
బిల్లు చూసి, ఆ వారమంతా
చేప మీద పది పెన్నీలు పెంచాను.

మధ్యాహ్నం బడిపిల్లలు
కొట్టు ముందర కారు చుట్టూ మూగుతారు.
అరచేతులు అడ్డం పెట్టుకుని అద్దంలోంచి మీటరు చూస్తారు.
ఎంత లాగుతుంది?
నాలుగు బస్తాలు, అంటాను, ఉప్పు చల్లుతూ.
నవ్వుతారు.
ఒకడు మాత్రం, వాడి పేరింకా తెలీదు,
వంగి ముందు టైరు బయటి అంచు వేలితో తడిమాడు.
మధ్యలో బాగానే ఉండి
అంచు దగ్గరే నున్నగా అరిగిపోయిన రబ్బరు.
లేచి నా ముఖం చూశాడు. ఏమీ అనలేదు.

వాడి పొట్లంలో
ఒక గరిటె ఎక్కువ వేశాను.